పాచిక చెప్పిన మాట


నేడు నేను మీకు విన్నవింపబోవునది యొక ఆటను గూర్చిన చరిత్ర. ముప్పదియైదేండ్లు పిల్లలచేత వ్యాకరణమును చరిత్రమును వల్లె వేయించిన బడిపంతులు ముదిమిలో ఆటలను గూర్చి ప్రసంగించుట యేమని మీకు తోచవచ్చును. కాని ఆట యనునది పిల్లల సొమ్ము మాత్రమే కాదు. మన దేవాలయ మంటపములలో రాతిపలకలమీద చెక్కిన పులిజూదపు గీతలను మీరందరును చూచియుందురు. ఆ గీతలమీద మన తాతముత్తాతలు ప్రొద్దుపుచ్చిరన్నమాట నిజమే. అయినను, బలముగల పులిని బలములేని మేకలు ఒద్దికగా నిలిచి కదలనీయకుండ కట్టివేయు విధమును గూడ వారు అక్కడనే గ్రహించిరి. చదరంగము సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగంగముల సేనను బల్లమీద నిలిపిన ఆ క్రీడ మన దేశముననే పుట్టినది. 7వ శతాబ్దమునాటి బాణభట్టుని హర్షచరితమున దాని ప్రస్తావన కలదు. ఇచ్చటినుండి అది పారశీకమునకును, అచ్చటినుండి అరబ్బులకును, వారివలన ఐరోపాఖండమునకును ప్రాకినది.

గడచిన వేసవి సెలవులకు నా మనుమడు మా యింటికి వచ్చెను. వాడు తన కంప్యూటరునందు ఒక యుద్ధక్రీడను నాకు చూపెను. ఆ పలకమీద పసిఫిక్ మహాసముద్రమంతయు పటమువలె పరచియుండెను. దీవులు ఆవగింజలవలె అచ్చటచ్చట కనబడుచుండెను. ఓడలకు పేళ్లు, నావికాధిపతులకు పేళ్లు, విమానములకు లెక్క, చమురునకు లెక్క. ఒక పక్షమున మనుష్యుడు కూర్చుండును. రెండవ పక్షమును యంత్రమే నడపును. మనము ఆజ్ఞలన్నియు ఇచ్చి మీట నొక్కగానే కాలము గడచును. ఎవరి ఓడ మునిగినది, ఎవరి విమానములు తిరిగి రాలేదు అను వార్తలు వరుసగా వచ్చును. శత్రువెచ్చట నున్నదియు ముందుగా కనబడదు. విమానములను పంపి వెదకించుకొనవలెను. యంత్రమునకు పౌరుషము లేదు, భయము లేదు, విసుగు లేదు. దానిని నిర్మించినవారు వ్రాసిపెట్టిన పన్నుగడల ననుసరించి అది నడచును. అదృష్టమునకు తావున్నచోట తనలో తాను అంకెలను దొర్లించుకొనును. అదియే దాని పాచిక.

నేను జపాను పక్షమున కూర్చుంటిని. ఘట్టము 1942వ సంవత్సరము జూను నెలలో మిడ్వే దీవియొద్ద జరిగిన సంగ్రామము. నా చేత అకగి, కగ, సోర్యు, హిర్యు అను నాలుగు విమానవాహక నౌకలుండెను. విమానవాహక నౌక యనగా, పైభాగము మైదానమువలె చదునుగా నుండి, విమానములు లేచుటకును దిగుటకును వీలైన మహానౌక. నేను విమానములను దీవిమీదికి పంపి, వెదకుటకు మాత్రము కొన్నింటినే కేటాయించితిని. రెండు గడియలలో శత్రువిమానములు నా నెత్తిమీద వ్రాలినవి. మూడు నౌకలు దగ్ధమైనవి.

మనసు చివుక్కుమనెను. ఆ యంత్రమున నొక సదుపాయము గలదు. ఆటను నడుమ భద్రపరచుకొని, వలసినప్పుడు మరల ఆ చోటికే పోవచ్చును. అంతట జరిగినది జరుగనట్లే యగును. నేను అట్లే వెనుకకు పోయితిని. ఈ పర్యాయము శత్రువులు ఈశాన్యదిశ నుందురని నాకు తెలియును. సమస్త విమానములను అటు పంపితిని. శత్రువుల మూడు వాహకనౌకలును మునిగినవి. పెద్ద విజయము సాధించినట్లు మనుమని పిలిచి చూపితిని. వాడు చూచి, “తాతయ్యా! వాళ్లు దాగిన చోటు నీకు ముందే తెలుసు గదా! ఇది గెలుపెట్లా అవుతుంది?” అనెను.

నా నోట మాట రాలేదు. ఆ ప్రశ్న నన్ను మరల చరిత్రగ్రంథములయొద్దకు నడపినది. నేను చేసిన పనికి సోదరమైన పనిని, ఆ యుద్ధమునకు ఒక నెల ముందు, నిజమైన నావికాధిపతులే చేసియుండిరని అందు చదివితిని. ఆ కథయే నేటి ప్రసంగవిషయము.

యుద్ధమును బల్లమీద ఆడి నేర్చుకొను పద్ధతిని ఐరోపాలో శాస్త్రముగా తీర్చినవారు ప్రష్యాదేశీయులు. 1824లో రైస్విట్జు అను సేనానాయకుడు పటములు, పాచికలు, ఉభయపక్షముల నడుమ నొక తీర్పరి అను మూడింటితో ఒక క్రీడను రచించి సేనాధిపతులకు చూపెను. తీర్పరి పాచిక వేసి, ఇన్ని తుపాకులు పేలినచో ఇంత నష్టమని నిర్ణయించును. యుద్ధమున మన ప్రజ్ఞ కొంత, దైవమొనర్చునది కొంత గదా! ఆ రెండవ భాగమునకు పాచిక ప్రతినిధి. 1898లో ఆంగ్లేయుడైన ఫ్రెడ్ జేను నౌకాయుద్ధమున కొక క్రీడను ప్రకటించెను. ప్రపంచమందలి యుద్ధనౌకలను వర్ణించు అతని సుప్రసిద్ధ గ్రంథము గూడ ఆ యేటనే వెలువడినది.

అమెరికాలో న్యూపోర్టు నగరమున నౌకాయుద్ధ కళాశాల 1884లో నెలకొల్పబడెను. 1887 మొదలు మకార్టీ లిటిలు అను అధికారి అచ్చట యుద్ధక్రీడలను బోధించెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆ కళాశాలలో నేలమీద గళ్లు గీచి, చిన్న ఓడబొమ్మలను నడపుచు, ఏటేట క్రీడలు సాగించిరి. అమెరికాకు నీలివర్ణము, జపానునకు నారింజవర్ణము. తొలినాళ్లలో నీలిపక్షమువారు ఫిలిప్పైను దీవులకు తిన్నగా పరుగెత్తిపోవలెనని తలచుచుండిరి. ఆడగా ఆడగా, త్రోవలో చమురునకు స్థావరము లేక, దెబ్బతిన్న ఓడలకు మరమ్మతు లేక, గమ్యము చేరునప్పటికి బలము కరగిపోవుచుండెను. ఈ ఓటములను వారు దాచుకొనలేదు. క్రమముగా తమ పన్నుగడనే మార్చుకొని, దీవి తరువాత దీవిని పట్టి, స్థావరములు కట్టుకొనుచు ముందుకు పోవలెనని నిశ్చయించుకొనిరి. 1922–23లో అచ్చట చదివినవారిలో చెస్టరు నిమిట్జు ఒకడు. తరువాత పసిఫిక్ యుద్ధమున అమెరికా నౌకాదళమునకు అతడే అధిపతి యయ్యెను. యుద్ధము ముగిసిన పిదప అతడు, జపానువారి ఆత్మాహుతి విమానములు తప్ప తక్కిన దంతయు ఆ క్రీడలలో తాము ముందే చూచియుంటిమని చెప్పెను.

ఈ విద్య కాలక్రమమున గృహములకును వచ్చెను. 1964లో మిడ్వే సంగ్రామమే అట్టబల్లమీది క్రీడగా అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. 1980లో కంప్యూటరుమీద బిస్మార్కు నౌకను వేటాడు క్రీడయు, 1982లో గ్వాడల్‌కెనాలు దీవి పోరాటమును గూర్చిన గేరీ గ్రిగ్స్‌బీ క్రీడయు వెలువడినవి. ఆయన పేరనే వచ్చిన 2004నాటి మహాక్రీడలో ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క యెత్తు వేయుచు యుద్ధమంతయు నడపవచ్చును. పెరల్ హార్బరుమీద దాడి జరిగిన 1941 డిసెంబరు 7 మొదలు జపాను లొంగిపోయిన 1945 ఆగస్టు 15 వరకు దినములు లెక్కించినచో 1,347 అగును. దినమున కొక యెత్తు చొప్పున ఆడువానికి మూడేండ్లు దాటి మరి యెనిమిది నెలలు పట్టును.

ఇప్పుడు జపానువారి సంగతి. ఆ సముద్రము మనకెంత దూరము, ఆ యోధుల గొడవ మనకేల అనవద్దు. 1942 ఏప్రిలులో ఆ యుద్ధము మన వాకిటికే వచ్చినది. ఏప్రిలు 5న నగుమో అను నావికాధిపతి అయిదు వాహకనౌకలతో వచ్చి కొలంబోమీద బాంబులు కురిపించెను. వానిలో అకగి, సోర్యు, హిర్యు అనునవి కలవు. అదే సమయమున ఒజావా అను మరియొక నావికాధిపతి ర్యూజో అను చిన్న వాహకనౌకతో బంగాళాఖాతమున ప్రవేశించి, సుమారు ఇరువది వర్తకనౌకలను ముంచెను. ఏప్రిలు 6న అతని విమానములు మన విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసినవి. మా తండ్రిగారు అప్పుడు విశాఖలో పండ్రెండేండ్ల బాలుడు. మా నాయనమ్మ పొయ్యిమీది అన్నపుకుండను అట్లే దింపి గోనెలో చుట్టి, పిల్లలను ఎడ్లబండి యెక్కించి, విజయనగరపు త్రోవ పట్టినదట. ఆ బండిలో తాను భయపడలేదనియు, ఆకలిమాత్రము వేసినదనియు మా తండ్రిగారు చెప్పుచుండిరి. పటముమీద మనము వ్రేలితో తాకు ప్రతి చుక్కలోను ఇట్టి బండి యొకటి పోవుచునే యుండునని నాకు దీనివలన తోచును.

ఏప్రిలు 9న నగుమో నౌకలు సింహళద్వీపమందలి త్రింకోమలిని కొట్టినవి. బ్రిటిషువారి వాహకనౌక హెర్మిసు ఆనాడే మునిగినది. కాని ఆనాడే మరియొక చిన్న సంగతి జరిగెను. బ్రిటిషువారి తొమ్మిది బ్లెన్‌హీము విమానములు ఎవరికంటను పడక అకగి నెత్తిమీదికి వచ్చినవి. నీటిలో బాంబులు పడి జలస్తంభములు లేచువరకు జపానువారు వానిని చూడనేలేదు. ఒక్క బాంబును తగులలేదు. వచ్చిన తొమ్మిదింట అయిదు కూలిపోయినవి. నౌక బ్రతికినది గాన ఆ హెచ్చరికను మరచిపోయిరి. దెబ్బ తగిలినప్పటి బుద్ధి, దెబ్బ తప్పినప్పుడు రాదు.

ఆ నౌకలు స్వదేశము చేరినవి. మే నెల మొదటి దినములలో, హిరోషిమా సమీపమున లంగరు వేసియున్న యమాటో అను మహాయుద్ధనౌకలో, మిడ్వే దండయాత్రను ముందుగా బల్లమీద ఆడి చూచిరి. సర్వనౌకాధిపతి యమమోటో ఆ దండయాత్రకు కర్త. అతని ప్రధాన సహాయకుడగు ఉగాకి ఆ క్రీడ కధ్యక్షుడు. క్రీడలో జపాను విమానములు మిడ్వేమీదికి పోయియుండగా అమెరికా విమానములు వాహకనౌకలమీద పడినట్లు కల్పింపబడెను. తీర్పరియగు ఒకుమియా పాచిక వేసెను. తొమ్మిది బాంబులు తగిలినవనియు, అకగి, కగ అను రెండు నౌకలును మునిగినవనియు పాచిక చెప్పెను. వెంటనే ఉగాకి, “తొమ్మిది కాదు, మూడే” అని తీర్పు మార్చెను. దానితో కగ మాత్రము మునిగినట్లును, అకగికి స్వల్పముగా దెబ్బ తగిలినట్లును నిర్ణయమాయెను. అటుపిమ్మట ఫిజీ మొదలగు దీవుల మీది క్రీడలో, మునిగిన కగ గూడ మరల తేలి వచ్చి పాల్గొనెను. ఈ వృత్తాంతమును ఆ పాచిక వేసిన ఒకుమియాయే, ఫుచిదా అను వైమానికునితో గూడి వ్రాసిన గ్రంథమున యుద్ధానంతరము వెల్లడించెను.

ఇచ్చట ధర్మముగా మాటాడవలెను. ఉగాకి మూర్ఖుడు కాడు. క్రీడలో ఒక పాచికకే ఓడలన్నియు పోయినచో తక్కిన ఘట్టములను పరీక్షించుటకు వీలుండదు. ఆట సాగుటకై మునిగిన ఓడను లేపుట తప్పు కాదని వాదింపవచ్చును. విమానములు దీవిమీద నుండగా శత్రునౌకలు ప్రక్కనుండి వచ్చినచో ఏమి చేయుదురని అతడే నగుమో పక్షమువారిని అడిగెను. వారి సమాధానము నిలుకడగా లేదు. సగము విమానములను నౌకలను కొట్టుటకే సిద్ధముగా నుంచవలెనని యమమోటో ఆదేశించెను. కావున తప్పు ఓడను లేపుటలో లేదు. అది ఏల మునిగినదో విచారింపక, పన్నుగడను మార్చక పోవుటలో నున్నది. వరుసగా అయిదు నెలలు గెలిచినవారికి, గెలుపు తమ యింటి పాడియావువలె తోచినది. తాడి తన్నువాని తల తన్నువాడుండునను మాట వారికి వినబడలేదు.

ఆ తల తన్నువాడు అప్పటికే సిద్ధముగా నుండెను. హవాయి దీవులలో రోషెఫర్టు అను అధికారియు, అతని సహచరులును జపానువారి గూఢలిపిని విప్పుచుండిరి. దండయాత్ర “ఏఎఫ్” అను చోటిమీదికని తెలిసినది. ఆ చోటేదో తేల్చవలసియుండెను. మిడ్వేలో మంచినీటి యంత్రము చెడిపోయినదని అబద్ధపు వార్తను బహిరంగముగా పంపించిరి. కొలదిదినములలో జపానువారు “ఏఎఫ్‌లో నీటికి కొరత” అని తమవారికి తెలుపుకొనిరి. చిక్కుముడి వీడినది. మే నెలలో కోరల్ సముద్రమున దెబ్బతిన్న యార్క్‌టౌను నౌకను బాగుచేయుటకు మూడు నెలలు పట్టునని అనుకొనగా, పెరల్ హార్బరు పనివారు రేయింబవళ్లు శ్రమించి మూడు దినములలో దానిని సముద్రమునకు పంపిరి. ఎంటర్‌ప్రైజు, హార్నెటు, యార్క్‌టౌను అను మూడు నౌకలు మిడ్వేకు ఈశాన్యమున పొంచియుండెను.

జూను 4వ తేదీ వేకువజామున 4½ గంటలకు నగుమో 108 విమానములను మిడ్వేమీదికి పంపెను. ఏడుగంటలకు ఆ దళనాయకుడు మరియొకమారు దాడి చేయవలసియున్నదని వార్త పంపెను. శత్రునౌకల జాడ లేదుగదా యని, నగుమో తాను సిద్ధపరచియుంచిన విమానములకు టార్పెడోలను తీసి నేలబాంబులను తగిలింపుమని 7¼ గంటలకు ఆజ్ఞ నిచ్చెను. శత్రువులను వెదకుటకు పోవలసిన విమానములలో ఒకటి అరగంట ఆలస్యముగా బయలుదేరియుండెను. ఆ విమానమే కొంతసేపటికి ఓడలు కనబడినవనియు, పిమ్మట వానిలో వాహకనౌక యున్నదనియు వార్త పంపెను. ఆ తగిలించినవానిని మరల తీయుట, తీసినవానిని మరల తగిలించుట. మిడ్వేనుండి వచ్చిన విమానములను దింపుకొనుట. ఓడలోపల బాంబులు చెల్లాచెదురుగా నుండెను.

ఇంతలో అమెరికావారి టార్పెడో విమానములు నీటికి తాకునంత తక్కువ యెత్తున వచ్చినవి. హార్నెటునుండి వచ్చిన దళమున 15 విమానములు, 30 మంది యోధులు. పదునైదు విమానములును కూలినవి, ఒక్కడు బ్రతికెను. ఒక్క టార్పెడోయు తగులలేదు. కాని పులిజూదమున ముందు నిలిచిన మేకలు చచ్చుచునే పులికి తీరిక లేకుండ చేయునట్లు, ఈ బలిదానములవలన జపాను నౌకలు తప్పించుకొని తిరుగుటయే పనియై, తమ విమానములను పంపజాలకపోయినవి. 10 గంటల 20 నిమిషములు దాటగా, అమెరికా బాంబు విమానములు పైనుండి నిలువున దిగినవి. కొలది నిమిషములలో అకగి, కగ, సోర్యు మూడును మండినవి. హిర్యు యొక్కటి మిగిలి యార్క్‌టౌనును గాయపరచినది. సాయంకాలమునకు దానికిని అదే గతి పట్టినది. గాయపడిన యార్క్‌టౌను జపాను జలాంతర్గామి వేసిన టార్పెడోలవలన 7వ తేదీని మునిగెను. జపానువారు సుమారు 3,000 మందియు, అమెరికావారు 307 మందియు మరణించిరి.

యమాటోలో పాచిక రెండు నౌకలనెను, సముద్రము నాలుగనెను. భారతమున శకుని పాచికలు అబద్ధమాడగా ధర్మరాజు నమ్మి చెడెను. ఇచ్చట పాచిక నిజము చెప్పగా పెద్దలు నమ్మక చెడిరి.

ఇంతవరకు పరుల తప్పు చెప్పితిని. నా తప్పును చెప్పకున్న ఈ ప్రసంగము అసత్యమగును. నేను ప్రధానోపాధ్యాయుడనై యున్న యొక యేట, పదవతరగతి పిల్లలకు అసలు పరీక్షకు ముందు బడిలో మాదిరిపరీక్ష పెట్టితిమి. గణితమున సగముమంది తప్పిరి. పిల్లలు ధైర్యము చెడుదురనియు, పెద్దలు మా బడిని నిందింతురనియు తలచి, పట్టికలో మార్కులను నా చేతితోనే పెంచితిని. తొమ్మిదింటిని మూడు చేసిన ఉగాకికిని నాకును భేదమేమి? మాదిరిపరీక్షలో మునిగిన పిల్లలను కాగితముమీద తేల్చితినేకాని, వారికి లెక్కలు మరల నేర్పలేదు. అసలు పరీక్షలో ఆ పిల్లలే తప్పిరి. వారిలో నొకడు చదువు మాని కూలికి పోయెను. ఇప్పటికిని సంతలో కనబడినప్పుడు, “నమస్కారమండి మాస్టారూ” అని చేతులు జోడించును. ఆ నమస్కారము స్వీకరించుట నాకెంత కష్టమో నేనే యెరుగుదును.

పెద్దలారా! మీకును ఇట్టి బల్లలు కలవు. బోరుబావి త్రవ్వింపబోవుచు ఖర్చు లెక్క వేయుదురు. పిల్ల పెండ్లికి అప్పు తేబోవుచు పంట లెక్క వేయుదురు. లెక్క నష్టము చూపినప్పుడు, “ఈయేడు వాన బాగుగా కురియునులే” అని అంకె మార్చుటకు చేయి సాగును. ఆ కాగితమే మన పాచిక. అది చెడు చెప్పినప్పుడు దానిమీద కోపము వలదు. చెడు చెప్పుటకే దానిని వేసితిమి. కాగితముమీది ఓటమికి ఖరీదు లేదు. పొలములోని ఓటమికి ఉన్నది.

మనుమడు ఊరికి పోవుటకు ముందు ఆ ఆటను మరల ఆడితిని. ఈమారు వెనుకకు పోవుట లేదని వానితో ఒప్పందము చేసికొంటిని. నలుదిక్కుల విమానములను వెదకుటకు పంపితిని. అయినను రెండు నౌకలు పోయినవి, మిడ్వే దక్కలేదు. ఎచ్చట పొరబడితినో ఒక నోటుపుస్తకమున వ్రాసికొంటిని. వాడు దానిని చదివి, “ఇప్పుడు బాగా ఆడావు తాతయ్యా” అనెను.